నిలుసాళ్ళమ్మకు ఏడు సాళ్ళు విడిచిన కథ

నల్లచేనుపల్లెకు మాఘమాసం తర్వాత వచ్చే భక్తులకు దూరం నుంచే ఒక వింత కనబడుతుంది. చుట్టూ జొన్న కోసేసిన నల్లరేగడి, మధ్యలో గుడి, గుడి పక్కన ఏడు సాళ్ళ జొన్న మాత్రం కోయకుండా నిలబడి ఉంటుంది. ఎవరో బద్ధకస్తుడి చేను అనుకుంటారు కొత్తవారు. ఆ సాళ్ళు గుడిలోని నిలుసాళ్ళమ్మవి. మూరెడు ఎత్తు నల్లరాతి మూర్తి, ఒక చేత జొన్నదంటు, మరొక చేత చెంబు. ఆ చెంబు దేనికో తెలియగానే భక్తులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వండి, అమ్మ ఏమీ అనుకోదు. నవ్వాక మాత్రం కథ వినండి.

పూర్వం ఇక్కడ వాగు లేదు, గుట్ట లేదు, కనీసం కంపచెట్టు లేదు. అరచేయంత చదునైన నేల. జొన్న మనిషెత్తు పెరిగిన నాళ్ళు ఆడవారికి పండగే, ఎందుకంటే పగలు బయటికి పోవడానికి చేను మరుగు ఉండేది. కోత అయిందంటే ఆ మరుగూ పోయేది. తెల్లవారకముందు ఒకసారి, పొద్దు కుంకాక ఒకసారి. మధ్యలో ఉగ్గబట్టుకోవడమే. అందుకని వారు నీళ్ళు తాగడమే తగ్గించుకునేవారు.

ఆ ఊళ్ళో కోతకూలి బసమ్మకు ఒక్కతే కూతురు, నాగులమ్మ. దూరాన ఉన్న ఏటి అవతలి ఊరికి ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి రమ్మని తల్లి బండ్లవాళ్ళతో కబురు పంపింది. వాకిలి అలికింది, నులకమంచం బిగించింది, బాలింతకు పెట్టే కాయానికి శొంఠి, మిరియాలు దంచి పెట్టుకుంది. తిరుగు కబురు ఇలా వచ్చింది: "అమ్మా, నిన్ను సూడాలని పానం కొట్టుకుంటాంది. కానీ కోతలైనాక మనూరికి రాలేనుమా. ఈ కడుపుతో పొద్దు కుంకేదాకా ఓపలేను. ఈడ పెరటికి గోడుంది."

బసమ్మకు కూతురి మీద కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. కన్నబిడ్డకు ఇంత మరుగు చూపించలేని పుట్టిల్లు ఏం పుట్టిల్లని కుమిలిపోయింది. రోజూ సాయంత్రం ఏటి దారి చూస్తూ కూర్చునేది. బండి చప్పుడైతే లేచేది, అది వేరే ఊరి బండి అని తెలిశాక కూర్చునేది.

ఊరిపెద్ద కంబిరెడ్డి చేలో కోత మొదలైంది. చివరి ఏడు సాళ్ళ దగ్గర బసమ్మ కొడవలి కింద పెట్టి నిలబడింది.

"ఇవి కొయ్యను రెడ్డీ. నా బిడ్డొస్తాది, దానికి మరుగు కావాల."

మొదట తోటివారు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే కొడవళ్ళు కింద పెట్టారు. ఎవరి కూతురు గుర్తొచ్చిందో వారికే తెలియాలి.

"గింజలు మీ అబ్బ సొమ్మనుకున్నారా?" అన్నాడు రెడ్డి.

"కంకులు నువ్వే కోసుకో. దంట్లు నిలబడనీ," అంది బసమ్మ.

మూడు దినాలు ఏ చేలోనూ కోత సాగలేదు. ఆడవారు పగలంతా గట్టున నిలబడే ఉన్నారు, కూర్చోలేదు. గువ్వలకు మాత్రం విందు. మూడో మధ్యాహ్నం రెడ్డి బండి కింద కునుకు తీస్తుంటే, నల్లని స్త్రీ ఒకతె చెంబుతో ఎదుట నిలిచినట్టు కల వచ్చింది. "కూసో తల్లీ" అన్నాడు. "ఎట్ల కూసోవాల నాయనా? పొద్దింకా కుంకలేదు" అంది ఆమె.

రెడ్డి ఉలిక్కిపడి లేచి, నేరుగా ఇంటికి పోయాడు. ఆయన తల్లి పగలు పచ్చి మంచినీళ్ళు ముట్టదని, ఎంత నిష్ఠగల మనిషోనని ఊరంతా చెప్పుకునేది. రెడ్డికీ ఆ ఉపవాసాల మీద గర్వమే.

"అమ్మా, నువ్వు పగలు నీళ్ళెందుకు తాగవు?"

ముసలామె కొడుకు ముఖం చూసింది. "ఇప్పుడడిగినావా నాయనా," అంది.

ఆ పూటే రెడ్డి ఏడు సాళ్ళు విడిచాడు. గుంట తవ్వించి, దడి కట్టించి, తొట్టి నిండా నీళ్ళు పోయించాడు. తవ్వకంలోనే ఈ మూర్తి బయటపడింది. వెంటనే పెద్దలు, దేవత వెలసిన చోటికి ఆడవారు ఆ పనికి రాకూడదన్నారు. "అమ్మ చేతిలో చెంబుంది సూడండి. ఎందుకొచ్చిందో ఆమెకు తెల్దా?" అని అడిగింది బసమ్మ. మూర్తిని సాళ్ళ మొదట నిలిపి, సాళ్ళను ఆడవారికే ఉంచారు.

కబురు ఏరు దాటేసరికి నాగులమ్మ కాన్పు అయిపోయింది. నెల తర్వాత బిడ్డనెత్తుకుని వచ్చింది. బసమ్మ మనవరాలిని గుండెకు హత్తుకుంది గాని, పురుడు తన చేతుల మీద పోయలేకపోయానన్న వెలితి ఆమెను చివరిదాకా వదల్లేదు. దంచిన శొంఠి అలాగే ఉండిపోయింది. అందుకే మరుసటి ఏడు ఆమె కోతల దాకా ఆగలేదు. పుష్యమాసంలోనే, కడుపుతో ఉన్న కూతుళ్ళ తల్లులందరినీ వెంటబెట్టుకుని, ఆ ఏటి సాళ్ళు ముందే విడవమని ఖాళీ చెంబులతో రెడ్డి అరుగు ముందు నిలబడింది.

దానినే నేడు నిలుపు అంటున్నాము. ఏటా పుష్య పౌర్ణమి నాడు ఆడవారు పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, నీళ్ళు రాని కొళాయిలు, పూడిన కాలువలు, తలుపులేని మరుగుదొడ్లు ఉన్న వీధుల పేర్లు చదువుతారు. సర్పంచి కుర్చీలు వేయిస్తారు. మాట ఇచ్చేదాకా ఎవరూ కూర్చోరు. గుడి వెనుక మరుగుదొడ్లు, బడిలో ఆడపిల్లల కొళాయి ఇలా నిలబడి సాధించినవే. పాలు, తేనె తెచ్చే భక్తులు వాటిని ఇంట్లో పిల్లలకు పోసి, ఇక్కడికి ఒక చీపురో బకెట్టో తెస్తే అమ్మ ఎక్కువ సంతోషిస్తుందని మనవి.

నిలుపులో ముందు వరుస బసమ్మ వంశం వారిది. ఈ ఏడాది వారిలో ఉరుకుందమ్మ అనే ఆమెను, మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి కదా, ఇంకా ఎందుకు నిలబడతారని అడిగాను.

"మా ఇంట్లో ఉందన్నా. మా కోడలి పుట్టింట్లో లేదు. ఆ పిల్ల పోక మూడేండ్లాయ. వాళ్ళమ్మ ఎదురుసూస్తాంటాది," అంది.

ఆ తల్లి ఊరి పేరు కూడా ఈ సంవత్సరం చదివారు. నిలుసాళ్ళమ్మ చల్లని చూపు ముందుగా ఆమె వాకిటికి చేరుగాక.