పేరు దొరకని సర్వర్, మూడు ఇడ్లీ పొట్లాలు

మా రేవు బోట్లకి ఏపీఐ, అంటే ఫోన్ అడిగింది తెచ్చిచ్చే ప్రోగ్రాం, రాసింది నేనే. ఇంటర్ సెకండియర్‌లో. ఇంకెవడూ రాయలేదు, రాయలేడు కూడా.

ఫోన్‌లో నొక్కితే రెండు వస్తాయి. సముద్రం మీద గాలి ఎంతుందో ఒకటి, ఏ బోటు ఒడ్డుకి చేరిందో ఇంకోటి. గాలి సంగతి బయట వాతావరణం సర్వర్‌ని అడిగి తేవాలి. బోట్ల లిస్టు మన దగ్గరే ఉంటది.

మొన్న మబ్బు పట్టిన రోజు డీఎన్ఎస్ పడుకుంది. అంటే, సర్వర్ పేరు చెప్తే అడ్రస్ చెప్పాల్సినోడు పలకలేదు. నా ఏపీఐ అడిగింది, ఇక లిస్టు కూడా పంపకుండా అట్టా ఎదురుచూస్తానే ఉంది.

ఇసకలో పోలమ్మత్త ఫోన్ పట్టుకుని నిలబడింది. మొగుడి బోటు వచ్చిందో లేదో తెలీదు. ముప్పావుగంట స్క్రీన్ మీద చక్రం తిరిగింది. ఆ బోటు ఎప్పుడో పక్క రేవుకి చేరింది. లిస్టులో ఉంది కూడా.

మర్నాడు పొద్దున్నే బోట్ల సంఘం పెద్ద అనేశాడు. "సాయంత్రంలోపు బాగుచెయ్. లేదంటే తీసేసి మళ్ళీ మైకులోనే చెప్పుకుంటాం."

నాకు కోడ్ నేర్పింది జిలానీ సర్. ఒకప్పుడు ఓడలో వైర్‌లెస్ ఆపరేటర్, ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ మేడమీద క్లాసులు చెప్తాడు. పరిగెత్తా.

"తప్పు నాది కాదు సర్, డీఎన్ఎస్‌ది. అడ్రస్ లేకుండా ఎట్టా పోతాం?"

సర్ మూడు ఇడ్లీ పొట్లాలు చేతిలో పెట్టాడు. "ఒకటి మన నాగూరు వాళ్ళింటికి. ఇల్లు మస్తాన్ కొట్లో అడుగు. ఒకటి కింద వాచ్‌మన్‌కి. ఒకటి మా అక్కకి."

కొట్టు మూసుంది. నిలబడ్డా. పది నిమిషాలు. ఇరవై. అరగంటకి మూడూ పట్టుకుని వెనక్కొచ్చా.

"మస్తాన్ లేడు సర్."

"మిగతా రెండు?"

"ముందు నాగూరుకి అన్నారుగా!"

కింద నుంచి వాచ్‌మన్ అరిచాడు. "అయ్యా, టిఫిన్ వస్తదా, అన్నమే తినెయ్యమంటారా?"

"వాడి ముందు నుంచే పోయావా?"

"...రెండుసార్లు."

"మొన్న నాగూరు ఇంటికి ప్రింటర్ మోసింది ఎవరు?"

"నేనే. ఇల్లు మారాడేమో అని..."

"మారితే తలుపు తీసినోళ్ళు చెప్పరా?"

రెండు పొట్లాలు ఇచ్చొచ్చి, మూడోది నాగూరు ఇంట్లో ఇచ్చి, సిస్టం ముందు కూర్చున్నా. సర్ పక్కనే ఉన్నాడు, కోడ్ మాత్రం నన్నే రాయనిచ్చాడు.

పేరు వెతకడానికి రెండే సెకన్లు ఇచ్చా. పలకలేదా, కిందటిసారి పనిచేసిన అడ్రస్‌కి పో. అదీ లేదా, గాలి సంగతి వదిలేసి లిస్టు పంపు.

సాయంత్రం రేవులో అందరి ముందూ సర్ నా లాప్‌టాప్ తీసుకుని, సర్వర్ పేరులో ఒక అక్షరం చెరిపేశాడు. ఆ పేరుతో లోకంలో సర్వరే లేదు, కిందటిసారి అడ్రసూ ఉండదు.



"నొక్కమ్మా" అన్నాడు పోలమ్మత్తతో.

ఒకటి. రెండు. బోట్ల లిస్టు వచ్చేసింది. పైన ఒక లైను: గాలి సంగతి ఇప్పుడు తెలీదు, చూసుకుని వెళ్ళండి.

సంఘం పెద్ద కళ్ళజోడు ఎత్తి చదివాడు. "తెలీదంట కదయ్యా! ఇదేం బాగుచెయ్యడం?"

సర్ నవ్వాడు. "తెలీదని రెండు సెకన్లలో ఒప్పుకునేవాడు ఈ రేవులో ఇంకెవడున్నాడు పెద్దయ్యా?"