రాజుగారి కొత్త అద్దం

దూరదేశపు నాట్యాలు కనురెప్పల వెంట్రుకలతో సహా కనిపించే అద్దం, అదీ కారుచౌకగా, అని ఒక వర్తకుడు చెప్పగానే రాజుగారు కొనేశారు. సభలో తెర తీస్తే అందులో ఉత్త పొగమంచు!

“అద్దం సిద్ధమే ప్రభూ! దీనికి తగ్గ స్పష్టమైన బొమ్మలు దూరదేశం నుంచి పంపేవాళ్లే ఇంకా తయారవలేదు. రెండేళ్లు ఓపిక పట్టండి,” అన్నాడు వర్తకుడు తొణక్కుండా.

రాజుగారు సరేనని తలూపడం వంటమనిషి నాంచారమ్మ తలుపు చాటునుంచి చూసింది.

మధ్యాహ్నం భోజనానికి ఆమె రాజుగారికీ వర్తకుడికీ పెద్ద పెద్ద అరిటాకులు వేసి, నీళ్లు చిలకరించి, చేతులు కట్టుకుని నిలబడింది.

“అన్నమేదీ?” వర్తకుడు అదిరిపడ్డాడు.

“ఆకు సిద్ధమే బాబూ! ఇంత ఆకుకు తగ్గ వడ్లే ఇంకా చల్లలేదు. రెండేళ్లు ఓపిక పట్టండి.”

రాజుగారు నివ్వెరపోయారు. “మరి నా ఆకూ ఖాళీగా ఉందేం?”

“అద్దం కొన్నది తమరే కదా, మహాప్రభూ!”