చెంగమ్మ చూసిన ఊఁ

1958 మే 25, ఆదివారం. రోహిణి కార్తె. జీలుగుమడుగు అడవిలో ఆ మధ్యాహ్నం గాలి అన్నది లేదు. తునికి చెట్ల మీదా, మద్ది చెట్ల మీదా ఒక్క ఆకు కూడా కదలలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. జంతువులకు తేదీలెక్కడివని మీరు అడగవచ్చు. వాటికి లేవు. తేదీ లేని కథను మనుషులు నమ్మరు కనుక నేను వేశాను.

ఆ రోజు జీలుగుమడుగు సభలో తేలవలసిన విషయం ఒక్కటే: పల్లపు రేవు ఎవరిది?

మడుగు ఎండాకాలంలో సగానికి సగం ఇంకిపోతుంది. అప్పుడు నీళ్లకు దిగడానికి రెండే చోట్లు మిగులుతాయి. ఒకటి పల్లపు రేవు. అక్కడ ఇసుక గట్టిగా ఉంటుంది, కుందేలు పిల్ల కూడా భయం లేకుండా మూతి పెట్టి తాగవచ్చు. రెండోది అవతలి గట్టు. అక్కడంతా ఊబి. కిందటి ఏడు చెంగమ్మ చెల్లెలి పిల్ల ఒకటి ఆ గట్టున దిగి మళ్లీ పైకి రాలేదు. పల్లపు రేవును తోడేళ్లకు రాసిచ్చేయాలని సభ పెద్ద భద్రయ్య అనుకుంటున్నాడు. అందులో ఆయనకేమిటి లాభమంటే, తోడేళ్లు తిని వదిలేసినదంతా ఆయనకు.

భద్రయ్య నక్క. మాట మాత్రం తేనె. చీమను పలకరించినా "ఏమ్మా, కులాసానా" అని నిలబడి అడిగే రకం.

ఇక చెంగమ్మ. ఆమె కుందేలు. పసితనంలో పక్కనే ఉన్న మద్ది చెట్టు మీద పిడుగు పడింది. చెట్టు రెండుగా చీలింది, చెంగమ్మకు వినికిడి పోయింది. ఆ తర్వాత ఆమె గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేది, కాస్త గట్టిగా. తన గొంతు తనకు వినపడనివాళ్లు అలాగే మాట్లాడతారు. "అంత పొడుగు చెవులు దేనికమ్మా, ఆరబెట్టుకోవడానికా?" అని కోతులు ఎగతాళి చేసేవి. కుందేలు చెవులు వినడానికే కాదు, ఒంట్లో వేడి బయటికి పంపడానికి కూడా అని మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన లెక్చరర్ అనేవారు. ఆయన పాఠాల్లో నాకు మిగిలింది ఈ ఒక్క ముక్కే. కోతులకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

అలాంటి చెంగమ్మ సభలోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆ అడవిలో ఒక్కో జాతి నుంచి ఒక్కరు సభలో కూర్చుంటారు. కుందేళ్లూ ఏటా ఎవరో ఒకరిని పంపేవి. పంపిన కుందేలు పంపినట్టే తిరిగి వచ్చేది. ఎందుకంటే అసలు విషయం వచ్చే వేళకు భద్రయ్య ఒక్కసారి దగ్గి, "అదేమిటి, పొదలో చిరుత కాదు కదా?" అనేవాడు. అంతే, కుందేలు మాయం. దాని వెనకే నెమలి, దాని వెనకే ముంగిస. చిన్న జంతువులన్నీ పరుగెత్తాక మిగిలినవాళ్లు తీర్మానం చేసుకునేవాళ్లు. ఇలా ఎన్నేళ్లు గడిచాయో.

చివరికి కుందేళ్లు కూర్చుని ఆలోచించాయి. కదలకుండా కూర్చునేవాళ్లు మనలో ఎవరున్నారని. ఆలోచించడానికేముంది, ఒక్క చెంగమ్మే ఉంది.

ఆమె మొదటిసారి సభకు వచ్చిన రోజు భద్రయ్య చాలా బాధపడ్డట్టు ముఖం పెట్టాడు. "నాకు చెంగమ్మ మీద గౌరవమే. కానీ వినలేని మనిషి సభలో కూర్చుని ఏం చేస్తుంది?"

దుప్పుల తరఫున వచ్చిన రత్నమ్మ నెమరు వేయడం ఆపి, "ఇన్నాళ్లూ విన్నవాళ్లం ఏం చేశాం, భద్రయ్యా?" అంది.

ఆ మాటకు అడవిపంది బొర్రన్న గుర్రుమని నవ్వాడు. ఆ నవ్వుతో చెంగమ్మకు చోటు ఖాయమైంది. ఆ అడవి చరిత్రలో ఒక చెవిటి జీవి సభలో కూర్చోవడం అదే మొదలు. ఆ రోజు కూడా భద్రయ్య దగ్గాడు, చిరుత మాట ఎత్తాడు. చెంగమ్మ పచ్చిక నములుతూ అలాగే కూర్చుంది. లేవబోయిన నెమలి ఆమెను చూసి ఆగిపోయింది. నెమలిని చూసి ముంగిస ఆగింది. చిరుత రాలేదు. ఆ పొదలో అంతకుముందు కూడా ఎప్పుడూ లేదు.

ఆమెకు సభలో మాటలు చేరవేయడానికి ఉడత సూరీడు కుదిరాడు. సూరీడు వసపిట్ట. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టుండేవాడు. ఆ వాగుడంతా తోకలోకి దించి చెంగమ్మకు చెప్పేవాడు. తోక నిటారుగా ఉంటే ప్రమాదం. గుండ్రంగా తిరిగితే చెప్పిందే చెబుతున్నారు. ఒక్కసారి విదిలిస్తే ఏమీ లేదు. ఇలాంటివి ఇద్దరూ కూర్చుని బోలెడు కల్పించుకున్నారు. భద్రయ్య పొద్దెక్కేదాకా ఉపన్యసించి కూర్చుంటే, సూరీడు కాసేపు ఆలోచించి తోక ఒక్కసారి విదిలించేవాడు. సభ నవ్వేది. కొన్నాళ్లకు పిల్ల జంతువులు కూడా ఆ భాష పట్టేశాయి, అమ్మలకు తెలియకుండా కబుర్లాడుకోవడానికి.

భద్రయ్యకు ఒళ్లు మండింది. సూరీడు లేకపోతే ఆ కుందేలు ఒట్టి రాయి అనుకున్నాడు.

అందుకని రేవు సంగతి తేల్చవలసిన రోజు పొద్దున్నే సూరీడి దగ్గరికి వెళ్లాడు. సభ రేపటికి వాయిదా పడిందన్నాడు. గుట్ట అవతల తునికి పళ్లు రాలి తొక్కుడు పడుతున్నాయని, ఇవాళ వెళ్లకపోతే ఎలుగుబంట్లు మిగల్చవని కూడా చెప్పాడు. సూరీడు ఎగురుకుంటూ గుట్ట ఎక్కేశాడు.

ఇప్పుడు ఆ సభ పద్ధతి ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే కథ అర్థం కాదు. సభకు పెద్ద అయినవాడు విషయం చెప్పి "ఏమంటారు?" అని అడుగుతాడు. ఇష్టమైనవాళ్లు ఊఁ కొడతారు. ఊఁ గట్టిగా వినిపిస్తే తీర్మానం అయినట్టే, మళ్లీ వానలు పడేదాకా దాన్ని ఎవరూ తిరగదోడకూడదు. ఎవరెవరు కొట్టారని అడిగే అలవాటు లేదు. పాతకాలం పద్ధతి, మర్యాద గల పద్ధతి. మనం కథ వింటూ ఊఁ కొట్టమూ, అలాంటిదే.

సభ జరిగేది వెదురు పొద ముందు. భద్రయ్య ఆ చోటు ఏరికోరి పెట్టించాడు.

మధ్యాహ్నం సభలో కూర్చునేవాళ్లూ, వాళ్ల వెనక చూడవచ్చిన మందలూ, అందరూ చేరారు. ఎదురుగా మిట్ట మీద తోడేళ్లు నాలుకలు చాపి పడుకుని ఉన్నాయి. చెంగమ్మ వచ్చి సూరీడు కోసం అటూ ఇటూ చూసింది. కొమ్మ ఖాళీగా ఉంది. ఎక్కడ అని రత్నమ్మను సైగతో అడిగింది. తెలియదన్నట్టు రత్నమ్మ తలాడించింది. భద్రయ్య అప్పటికే మొదలుపెట్టేశాడు.

రోజూ అయితే చెంగమ్మ కళ్లు సూరీడి తోక మీదే ఉండేవి. ఆ రోజు చూడడానికి తోక లేదు. అందుకని ఆమె సభను చూసింది.

భద్రయ్య ముట్టె రేవు వైపు తిప్పాడు, తర్వాత మిట్ట మీది తోడేళ్ల వైపు తిప్పాడు. ఇంక ఆమెకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. ఆయన గడ్డం ఎత్తి ఆగాడు. అంటే "ఏమంటారు" అన్నాడన్నమాట.

చెంగమ్మ ఒక్కొక్కరినీ చూసింది. రత్నమ్మ గొంతు కదలలేదు. బొర్రన్న నేల చూస్తున్నాడు, ఆయన గొంతూ కదలలేదు. నెమలి, ముంగిస, తాబేలు, అందరూ బిగుసుకుపోయి పక్కవాళ్ల వైపు ఓరగా చూస్తున్నారు. అయినా ఊఁ బాగా గట్టిగా వినిపించినట్టు భద్రయ్య తృప్తిగా తల వంచి దండం పెడుతున్నాడు.

అప్పుడు ఆమె కళ్లు వెదురు పొద మీద పడ్డాయి. ఎక్కడా గాలి లేదు. అడవిలో ఆకు కదలడం లేదు. వెదురాకులు మాత్రం సన్నగా వణుకుతున్నాయి.

చెంగమ్మ లేచింది. సభ మధ్య నుంచి గెంతుతూ వెళ్లి పొద ముందు కూర్చుంది. తన ఒకే ఎత్తు గొంతుతో అడిగింది. "రత్నమ్మక్కా, ఇప్పుడు నువ్వు ఊఁ కొట్టావా?"

రత్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"బొర్రన్న మామా, నువ్వు?"

బొర్రన్న కూడా లేదన్నాడు. దుప్పులన్నీ ఒప్పుకున్నాయనుకుని నోరు మూసుకున్నానని గొణిగాడు. రత్నమ్మ ఆశ్చర్యంగా చూసి, తానేమో పందులు ఒప్పుకున్నాయనుకున్నానంది. అన్ని వైపుల నుంచీ ఊఁ వినిపిస్తుంటే తానొక్కతీ కాదంటే బాగుండదని ఊరుకుందట. నెమలీ అదే చెప్పింది. తాబేలూ అదే చెప్పింది, కాస్త ఆలస్యంగా.

"మీ అందరికీ వినపడింది. నాకు వినపడలేదు. నాకు ఈ వెదురు వణకడమే కనపడింది," అని చెంగమ్మ వెనక కాళ్లతో నేలను దబదబ కొట్టింది. లోపల పడుకుని బోలు వెదురు బొంగుల్లోకి ఊఁ ఊదుతున్న భద్రయ్య మేనల్లుళ్లు బిత్తరపోయి బయటికి దొర్లారు. ఒకడి మూతికి బొంగు ఇంకా అలాగే ఉంది.

ఎన్నేళ్లుగా ఆ అడవి ఆ బొంగుల మాట మీద నడిచిందో ఎవరికి తెలుసు.

భద్రయ్య వెంటనే సర్దుకున్నాడు. పిల్లలు ఆడుకుంటున్నారు, దానికే ఇంత గొడవా అన్నాడు. కావాలంటే మళ్లీ అడుగుతాను, ఊఁ కొట్టండి అన్నాడు.

"ఊఁ వద్దు," అంది చెంగమ్మ, ఆయన పెదవులు కదలడం చూసి, ఏమన్నాడో ఊహించి. "రేవు తోడేళ్లకు ఇమ్మనేవాళ్లు లేచి ఆయన పక్కకు వెళ్లండి. కాదనేవాళ్లు నా పక్కకు రండి. నాకు కనపడేటట్టు రండి."

ఇది చెప్పినంత తేలిక కాదు. మిట్ట మీద తోడేళ్లు లేచి నిలబడ్డాయి. ఎవరు ముందు అడుగేస్తే వాళ్ల ముఖం వాటికి గుర్తుంటుంది. కాసేపు ఎవరూ కదలలేదు. చెంగమ్మ ఒక్కతే ఇసుకలో కూర్చుని ఉంది.

బొర్రన్న ముందు కదిలాడు. కోరలు దులుపుకుంటూ వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. తర్వాత రత్నమ్మ, ఆమె వెనక దుప్పుల మంద. తర్వాత నెమలి, ముంగిస. తాబేలు బయలుదేరింది, చేరే వేళకు మిగతా అడవంతా చేరి ఉంది. భద్రయ్య పక్కన మేనల్లుళ్లు తప్ప ఎవరూ లేరు. వాళ్లూ చెంగమ్మ వైపు వెళదామా అన్నట్టు చూస్తున్నారు. తోడేళ్లు అన్ని కోరలనూ, అన్ని కొమ్ములనూ ఒక్కచోట చూసి, వచ్చిన దారినే మెల్లగా దిగిపోయాయి.

సరిగ్గా అప్పుడు సూరీడు రొప్పుకుంటూ వచ్చాడు, మూతికి తునికి పండు గుజ్జుతో. తన్ను మోసం చేశారని తోకతో లబలబలాడాడు. భద్రయ్య అదే సమయంలో తన సేవల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అడవికి తాను చేసిందీ, చేయబోయేదీ, అన్నీ.

"ఆయన ఏమంటున్నాడు, సూరీడూ?" అని చెంగమ్మ అడిగింది.

సూరీడు శ్రద్ధగా చివరిదాకా విని, తోక ఒక్కసారి విదిలించాడు.

ఆ నవ్వు గుట్ట అవతలికి వినపడి ఉంటుంది. చెంగమ్మకు వినపడలేదు గాని, కదిలే పొట్టలన్నీ కనపడ్డాయి, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే సభ ఆమెను పెద్దగా ఎన్నుకుంది. ఊఁ కొట్టి కాదు, ఆమె పక్కనుంచి ఎవరూ కదలకుండా. ఆమె పెద్దరికంలో సభ వెదురు పొద దగ్గర నుంచి బయలు ఇసుకలోకి మారింది. చిట్టెలుక కూడా తన అభిప్రాయం నడిచి చెప్పేది. పల్లపు రేవు అందరికీ మిగిలింది, ఆ తర్వాత ఎవరి పిల్లా అవతలి గట్టున ఊబి పాలు కాలేదు. చెంగమ్మ ముసలిదై, కళ్లు కూడా మసకబారేదాకా పెద్దగానే ఉంది. ఒక్కసారి కూడా ఎవరూ పోటీకి నిలబడలేదు, భద్రయ్య తప్ప.

నీతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను: సభలో నువ్వు నోరు మూసుకుంటే నీ గొంతుతో ఇంకెవడో ఊఁ కొడతాడు.

చెంగమ్మ పోయాక పంపకాలు జరిగాయి. ఆమె కూర్చునే నున్నటి రాయి రత్నమ్మ కూతురికి వచ్చింది, పెద్దరికంతో సహా. పల్లపు రేవు చెల్లెలి పిల్లలకూ, వాళ్లతో పాటు దాహమైన ప్రతివాళ్లకూ. తోక భాష సూరీడి మనవలకు, చెవులున్నవాళ్లకూ లేనివాళ్లకూ కలిపి. వెదురు పొద ఏనుగులకు, తినేయమని. బొర్రన్నకు, ఆమె రోజూ అతని కోసం తన పక్కన ఉంచే చోటు.

ముసలి భద్రయ్య విల్లులా వంగి నడుచుకుంటూ వచ్చి, తనకేమైనా చెప్పిందా అని సూరీడి మనవణ్ని అడిగాడు.

ఆ పిల్లవాడు తోక ఒక్కసారి విదిలించాడు. దాన్ని భద్రయ్యకు విడమరచి చెప్పవలసిన పని ఎవరికీ పడలేదు.