కనుమలో పెట్టుకున్న ఒట్టు

అనగనగా ఒక కొండ ఉండేదర్రా. కొండకి ఇటు పక్క ఒక అడవి, అటు పక్క ఇంకో అడవి. ఇటు అడవికి రాజు ఎలుగుబంటి. అటు అడవికి రాణి చిరుతపులి. వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయారు. చివరికి కొండ మధ్య సందులో, అదే కనుమలో, ఎదురెదురుగా నిలబడి ఒట్టు పెట్టుకున్నారు.

"ఎటువాళ్లు ఎటు వచ్చినా, వాళ్ల మాట వినకుండా శిక్ష వెయ్యం."

పెద్దవాళ్లకి మతిమరుపు ఎక్కువ కదా! అందుకని రెండు అడవుల్లోని చిన్న జీవులూ కలిసి ఒక జట్టు కట్టాయి. వారానికోసారి కనుమలో కూర్చుని ఆ ఒట్టుని గట్టిగా చెప్పుకునేవి.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! రాజుల ఒట్టుతో మీకేం పని?" అని ఇటు అడవి కాపలా నక్క ఎగతాళి చేసేది.

ఒక వేసవిలో అటు అడవికి నిప్పంటుకుంది. ఒక తల్లి కుందేలు కూనని నోట కరుచుకుని ఇటు పరుగెత్తి వచ్చింది. నక్క దాన్ని పట్టుకుని రాజు ముందు పడేసింది.

"మహారాజా, ఇది మన గుట్టు తెలుసుకోవడానికి వచ్చింది!"

కుందేలు ఏదో చెప్పబోయింది. "నోర్ముయ్!" అని నక్క కసిరింది.

"పొద్దు వాలేలోగా దీన్ని కొండ దాటించెయ్యి," అన్నాడు రాజు విసుగ్గా.

అయ్యయ్యో! అటు మంటలు కదర్రా! దాటిస్తే తల్లీ పిల్లా ఇద్దరూ బూడిదే.

జట్టులోని ఉడత పరుగున వెళ్లింది. "మహారాజా, ఒక్కసారి దాని మాట వినండి."

"అది నీకేమవుతుంది?"

"ఏమీ కాదండి."

"మరైతే నీకెందుకు? పో."

తర్వాత ముళ్లపంది వెళ్లింది. అదే ప్రశ్న, అదే జవాబు. ఆ తర్వాత తాబేలు బయల్దేరింది. అది చేరేసరికే సగం పొద్దు గడిచిపోయింది, పాపం. దానికీ అదే మాట.

ముగ్గురూ దిగాలుగా కూర్చున్నారు. ఉన్నట్టుండి ఉడత నుదురు కొట్టుకుంది.

"వారం వారం కలిసి కూర్చునేవాళ్లం, ఇవాళ ఒక్కొక్కరం విడివిడిగా పోయామేంటి! మన బుద్ధి గడ్డి తింది."

అటువైపు జట్టు మంటలార్పే పనిలో ఉంది. ఇటువైపు జట్టంతా కదిలింది. ఎలుకలూ, పిచ్చుకలూ, ఉడుములూ వచ్చి రాజు గుహ ముందు కూర్చున్నాయి. కేకల్లేవు, రాళ్లు లేవు. ఆ ఒట్టుని మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాయి.

ఎలుగుబంటికి ఒళ్లు మండింది. "ఆ కుందేలు మీలో ఒక్కరికైనా చుట్టమా?"

"కాదు మహారాజా," అంది ముళ్లపంది. "దాని చుట్టాలంతా కొండ అవతల ఉన్నారు. వాళ్లు రాలేరు. అందుకే మేం వచ్చాం."

ఎలుగుబంటి తల దించుకున్నాడు. ఆ ఒట్టు తన నోటితో పెట్టుకున్నదే మరి! సిగ్గుపడి, కుందేలు వైపు తిరిగాడు.

"చెప్పు. వింటాను."

కుందేలు గబగబా చెప్పింది. "గాలి ఇటు మళ్లింది మహారాజా. కనుమ నిండా ఎండుగడ్డి ఉంది. మంట దాన్ని అందుకుంటే రేపటికి మీ అడవి కూడా ఉండదు."

అంతే! అందరూ కనుమకి పరుగో పరుగు. అటునుంచి చిరుతపులి కూడా తనవాళ్లతో వచ్చింది. గోళ్లతో, పళ్లతో, ముట్టెలతో గడ్డంతా పీకేశారు. నక్క కూడా పీకిందిలే, తోక కాలినా సరే! మంట కనుమ దాకా వచ్చింది. కాల్చడానికి ఏమీ దొరక్క అక్కడే ఆరిపోయింది.

ఎలుగుబంటి చేతులు దులుపుకుని కుందేలు దగ్గరికి వచ్చాడు.

"ఇంత సంగతి ముందే ఎందుకు చెప్పలేదు తల్లీ?"

కుందేలు తన కూనని దగ్గరికి తీసుకుంది.

"అది చెబుదామనే వచ్చాను మహారాజా. పొద్దున్నుంచీ నన్నెవరూ అడగలేదు."

నీతి: మనకేమీ కానివాళ్ల కోసం కూడా నలుగురం కలిసి నిలబడాలి. పెద్దలు చేసుకున్న మంచి ఒప్పందం అప్పుడే నిలుస్తుంది, అందరినీ కాపాడుతుంది.