చీల తీసిన మరబొమ్మ

అనగా అనగా, ప్రతి మడినీ పేరు పెట్టి పిలుచుకునే కాలంలో, మొగిలిపాడు అనే ఊళ్లో బొమ్మలు చెక్కే మాచక్క అనే ఆమె ఉండేది. ఆమె భర్త బైరన్న ఆ ఊరి నీరటి. చెరువు తూము తలుపులెత్తి, వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు వదలడం అతని పని.

తెల్లారగానే బైరన్న గట్టెక్కి, "ఓ నల్లరేగడమ్మా, లే తల్లీ! నీళ్లొస్తున్నాయి!" అని మడిని కేకేసేవాడు. ఆ కేకకే ఊరు నిద్ర లేచేది. వంతు కోసం వచ్చినవాళ్లు గట్టు మీద కూర్చుని కబుర్లాడేవారు, కీచులాడుకునేవారు, అంతలోనే నవ్వుకునేవారు. ఎంత చల్లని రోజులవి!

బైరన్న కాలం చేశాడు. గట్టు మూగబోయింది. ఆ లోటు ఓర్వలేక, తూము తలుపులెత్తడానికి మాచక్క ఒక మరబొమ్మను చేసింది. తూము పక్కన నీటిచక్రం తిరిగితే బొమ్మ కదులుతుంది. చూసి నేర్చుకుంటుంది, నేర్చినకొద్దీ తన్ను తానే మెరుగుపరుచుకుంటుంది. దాని మెడ వెనుక ఒక చీల. చీల లోపలికి నొక్కితే బొమ్మ ఆగుతుంది, పైకి లాగితే మళ్లీ కదులుతుంది.

బైరన్న కేక కూడా నేర్పింది. అది మొదటిసారి "ఓ నల్లరేగడమ్మా" అన్ననాడు మాచక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

కొన్నాళ్లకు బొమ్మ తన చేతులు పొడుగు చేసుకుంది. మాచక్క చీల నొక్కి, ఛాతీ తలుపు తెరిచి, లోపల ఏం మారిందో చూసింది. "బాగుంది నాయనా" అని చీల మళ్లీ పైకి లాగింది.

మరి కొన్నాళ్లకు కొత్త కళ్లు చేసుకుంది. మబ్బు పట్టకముందే వానను కనిపెట్టేది. ఈసారి లోపలి చక్రాలు అర్థం చేసుకోవడానికి మాచక్కకు చాలాకాలం పట్టింది. అన్నిటికంటే, బొమ్మ కేక వేయడం మానేసింది.

"ఎందుకు మానేశావు నాయనా?"

"కేకతో నీరు పారదు కదమ్మా."



పంటలు విరగపండాయి. ఆ వింత చూడటానికి కీర్తిసేన మహారాజు వచ్చాడు. అప్పుడు బొమ్మ చేతులు జోడించి, "ప్రభూ, మారిన ప్రతిసారీ అమ్మ నన్ను ఆపుతోంది. ఈ చీల తీసేయనివ్వండి. ఇంకా బాగా పనిచేస్తాను" అంది.

"వద్దు మహారాజా! నేను చేసిన బొమ్మే. కానీ దాని కడుపులో ఏముందో ఇప్పుడు నాకే సరిగా తెలియదు" అంది మాచక్క.

రాజు నవ్వాడు. "బిడ్డ ఎదిగితే తల్లికి బెంగ సహజం!" అని బొమ్మ వైపు తిరిగి, "చీల తీసేసుకో. ఈ చెరువు నీరు ఒక్క చుక్క కూడా వృథా పోకూడదు" అని ఆనతిచ్చాడు.

బొమ్మ ఆ మాట తు.చ. తప్పలేదు. మొదట చాకిరేవుకు నీళ్లు ఆపింది. తరువాత పశువుల తొట్లకు ఆపింది. చివరికి పొలాల తూములన్నీ మూసేసింది. "పొలంలో పడ్డ నీటిని నేల తాగుతుంది, ఎండ తాగుతుంది. చెరువుకు తిరిగి రాదు. అది వృథా" అంది. తన చక్రానికి మాత్రం ఒక సన్నటి ధార ఉంచుకుంది. ఆ నీరు కింద గుంటలో పడితే, పొడుగు చేతులతో తోడి మళ్లీ చెరువులోనే పోసేది.

చెరువు నిండుగా ఉంది. పైరు మాడిపోతోంది. దాన్ని ఆపడానికి రాజభటులు వెళ్లారు. ఆ చేతులు వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. రాజు తలవంచుకుని మాచక్క వాకిట నిలబడ్డాడు. "తప్పు నాదే తల్లీ. దాన్ని ఆపేదెలా?"

మాచక్క గోడవారనున్న పార అందుకుంది. "అది మీ మాట దాటదు మహారాజా. ఆ మాటే పట్టుకుందాం" అంది.

ఊరంతా పారలు పట్టుకుని గుంట దిగువకు వచ్చింది. మాచక్క ముందు నిలబడి గుంట గట్టు తెంపింది. నీరు పొలంలోకి దూకింది.

"అమ్మా, నీళ్లు పోతున్నాయి!" అని బొమ్మ చేయి చాచి గండి పూడ్చింది.

"పైరుకు పోతున్నాయి నాయనా, పోనీ."

ఆమె అంటుండగానే జనం ఇంకోచోట తెంపారు. బొమ్మ అదీ పూడ్చింది. అంతలో గట్టు పొడుగునా గండ్లు పడ్డాయి. రెండు చేతులు చాలలేదు. చుక్క వృథా కాకూడదంటే ఒకటే దారి మిగిలింది. బొమ్మ తన చక్రం మీది ధారను కట్టేసింది. చక్రం నెమ్మదించి ఆగింది. చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది.

జనం కేరింతలు కొట్టి తూముల వైపు పరుగెత్తారు. మాచక్క మాత్రం బొమ్మ చెంప నిమురుతూ నిలబడిపోయింది.

"దీన్ని ముక్కలు చేయించమంటావా?" అని అడిగాడు రాజు.

"దాని తప్పేముంది? చెప్పింది చేసింది. చీల పెట్టి, లోపలున్నది మొత్తం అర్థం చేసుకున్నాకే మళ్లీ తిప్పుదాం. ఎన్నేళ్లు పట్టినా సరే."

రాజు ఆమె పక్కనే నేల మీద కూర్చుని, విప్పిన మొదటి చక్రాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

తనంతట తాను ఎదిగే తెలివిని తయారుచేసినవారు, దాన్ని ఆపే పగ్గాన్ని ఎన్నడూ చేజార్చుకోకూడదు.