బూడిదయ్య మేత ఆగిపోయిన సంగతి

మార్కులు తక్కువొచ్చిన పిల్లల్ని మనం గాడిదా అని తిడతాం. మరి నిజంగా గాడిదకే మార్కులు తక్కువొస్తే ఏమని తిట్టాలి? ఇటుకబట్టీ దొడ్డిలో ఉండే నాంచారికి ఈ చిక్కే వచ్చిపడింది.

నాంచారి పొద్దు పొడిచింది మొదలు వీపు మీద ఇటుకలు మోసే గాడిద. ఆమె కొడుకు బూడిదయ్య. బట్టీ దాటితే అడవి, అడవి మొదట్లోనే ఏనుగు పంతులమ్మ బడి. బరువులు మోసేవాళ్ళ పిల్లలు బాగా చదివితే ఆ బళ్ళో రోజూ కడుపునిండా ఉపకారపు మేత పెడతారు. బూడిదయ్యకి అది దొరికిన రోజున నాంచారి దొడ్డంతా తిరిగి చెప్పుకుంది. కోళ్ళకి చెప్పింది, కాపలా కుక్క కాటయ్యకి చెప్పింది, ఎవరూ దొరక్కపోతే మోస్తున్న ఇటుకలకి కూడా చెప్పింది. యజమాని వేసే చొప్ప ఒక్క ప్రాణానికే సరి. కొడుకు బళ్ళో తింటున్నాడు కాబట్టే తను ఇంత తిని బరువు మోయగలుగుతోంది.

మొదటి పరీక్ష అవలీలగా గట్టెక్కేసరికి బూడిదయ్యకి కళ్ళు నెత్తికెక్కాయి. అడుగుజాడల పాఠం జరుగుతుంటే చెవులు వేలాడేసి కునుకు తీశాడు. రెండో పరీక్షలో చిరుతపులి అడుగు చూపించి ఎవరిదని అడిగితే పిల్లిదన్నాడు. పంతులమ్మ కోప్పడలేదు. "మేత ఇక నీకు లేదు నాయనా. బడికి మాత్రం మానకుండా రా. వచ్చే వానలకి ముందు మళ్ళీ పరీక్ష పెడతాను" అని ఊరుకుంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది బూడిదయ్యకి.

ఆ సాయంత్రం నాంచారి ఎప్పట్లాగే అడిగింది. "తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

ఆ అబద్ధంతో మొదలైంది. పగలంతా ముళ్ళకంపలు కొరికి, సాయంత్రం లేని త్రేన్పు తెచ్చిపెట్టుకునేవాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. అమ్మ వీపు మీద ఇటుకలు ఒరుసుకుపోయిన మచ్చలు చూసి మళ్ళీ మింగేసేవాడు. సిగ్గూ, భయం, ఆకలీ కలిసి వాణ్ణి పీక్కుతిన్నాయి.

ఈ సంగతి పసిగట్టినవాడు ఒకడున్నాడు, నక్కమావ. ఓ మధ్యాహ్నం ముళ్ళకంపల దగ్గరికొచ్చి, బూడిదయ్య పక్కనే చతికిలబడి తోక సవరించుకున్నాడు.

"ఏం అల్లుడూ, బళ్ళో పచ్చగడ్డి వదిలేసి ఈ కంపలేంటి? మేత ఆపేశారటగా."

బూడిదయ్య నోట్లో కంప వదిలేశాడు. "అమ్మకి చెప్పకు మావా."

"నేనెందుకు చెబుతాను? నీ పరువు నా పరువు కాదూ? కాకపోతే పాడు నోరు, ఎప్పుడు జారుతుందో తెలీదు. నువ్వు నాకో సాయం చేశావనుకో, అది గుర్తుంచుకుని మూసుకునుంటుంది. కోళ్ళగూటికి ఏ చెక్క వదులుగా ఉంది?"

"ఎందుకు మావా?"

"ఊరికే, తెలుసుకుందామని."

బూడిదయ్య చెప్పేశాడు. మర్నాడు కాటయ్య ఎక్కడ పడుకుంటాడో అడిగితే అదీ చెప్పాడు. అప్పుడు బయటికొచ్చింది అసలు కోరిక.

"రేపు దీపాలు పెట్టే వేళకి కాటయ్యని బట్టీ వెనక్కి తీసుకెళ్ళు. చదువుకునే పిల్లాడివని నీ మాటంటే వాడికి గురి. మిగతాది నేను చూసుకుంటాను."

"గూట్లో చిన్నపిల్లలున్నాయి మావా."

"ఉన్నాయనే గదా అడిగేది. కుదరదంటే చెప్పు, అందరి ముందూ మీ అమ్మతో మాట్లాడి పోతాను."

మర్నాడు పొద్దు వాలుతుంటే బూడిదయ్య కాటయ్య కోసం బయల్దేరాడు. గూటి పక్కనుంచి పోతుంటే చుక్కల కోడి పలకరించింది. "నాయనా, మావాళ్ళు బొత్తిగా మొద్దుల్లా తయారవుతున్నారు. తీరిక చూసుకుని నాలుగు ముక్కలు నేర్పకూడదూ?" పిల్లలు వాడి గిట్టల మధ్య దూరి ఆడుకుంటున్నాయి. ఎక్కడ తొక్కేస్తానోనని బిగుసుకుపోయాడు.

"తర్వాత పిన్నీ" అని మెల్లగా తప్పించుకుని కాటయ్య దగ్గరికి నడిచాడు. "బాబాయ్, బట్టీ వెనకాల ఏదో చప్పుడైంది. చూసొద్దాం రా."

"నువ్వు చెప్పాక ఇంకేముంది, పద" అని కాటయ్య లేచాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సగం దూరం నడిచారు. ఇంకాస్త వెళితే బట్టీ చాటు. అక్కడి నుంచి గూట్లో ఎవరు ఎంత అరిచినా వినబడదు. మేత పోవడం తన బద్ధకం వల్ల. ఈ పిల్లలు పోతే దాన్ని బద్ధకం అని ఎవరూ అనరు, తను కూడా అనుకోలేడు. బూడిదయ్య ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఏమైందిరా?"

"చప్పుడూ లేదు, ఏమీ లేదు బాబాయ్. వెనక్కి పద, తొందరగా."

అప్పుడే ఇటుకలు దింపుకుని వస్తోంది నాంచారి. బూడిదయ్య ఎదురెళ్ళి, కాటయ్యా కోడీ వింటుండగా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. పరీక్ష పోయింది, మేత పోయింది, రోజూ తిన్నానన్నది అబద్ధం, వదులు చెక్క సంగతి నక్కకి చెప్పింది తనే, ఇవాళ ఆ నక్క వస్తోంది.

నాంచారి వెనక్కి తిరిగి ఒక్క తాపు తన్నింది. బూడిదయ్య వెళ్ళి చొప్ప మీద పడ్డాడు.

"ఇది పరీక్ష పోయినందుక్కాదు. ఇన్నాళ్ళూ నా పక్కన ఆకలితో పడుకున్నందుకు" అంది. "పడ్డావు గదా, ముందు ఆ చొప్ప తిను."

వాడు తింటుండగానే కంచె అవతల నక్కమావ తల కనిపించింది. కాటయ్య గూటి ముందే నిలబడి ఉండటం చూసి నక్కమావకి ఒళ్ళు మండిపోయింది.

"నాంచారి చెల్లీ, నీ కొడుకు గురించి నీకో మాట చెప్పాలి."

నాంచారి కాటయ్య వైపు ఒక్క చూపు చూసింది. "ఏంటన్నా, ఇటుకల దుమ్ముకి చెవులు దిబ్బడేశాయి. లోపలికొచ్చి చెప్పు."

తన ఎత్తు ఇంకా ఎవరికీ తెలియదనుకుని నక్కమావ కంచె సందులోంచి లోపలికొచ్చాడు. పరీక్ష తప్పిన సంగతి ఎత్తుకుని, బూడిదయ్య బద్ధకం, అబద్ధాలు, కంపలు, ఒకటికి రెండు కలిపి చెప్పుకుపోతున్నాడు. తన గొంతు తనకే ముద్దొచ్చి, కాటయ్య ఎప్పుడు తన వెనక్కి వచ్చి కంచె సందుకి అడ్డంగా నిలబడ్డాడో చూసుకోలేదు.

"అయిపోయిందా?" అంది నాంచారి. "ఇదంతా వాడే చెప్పాడన్నా. నువ్వు కాస్త ఆలస్యంగా వచ్చావు. నీకోసం కాటయ్య మరిది వెనకాల కాచుకునున్నాడు, చూసుకో."

నక్కమావ ప్రాణం దక్కించుకుని బయటపడ్డాడు గానీ, తోకలో సగం కాటయ్య నోట్లోనే ఉండిపోయింది.

మేత తిరిగి రాలేదు. ఏడిస్తే వచ్చేది కాదు గదా. బూడిదయ్య పొద్దున్నే అమ్మతోపాటు ఇటుకలు మోసి తన చొప్ప తను సంపాదించుకుని, ఎండెక్కాక బడికి పోతున్నాడు. గాడిదలకి నిలబడి కూడా నిద్రొస్తుంది, అందుకని పంతులమ్మ తొండం అందేంత దగ్గర్లో నిలబడుతున్నాడు. నక్కమావ అప్పుడప్పుడూ కంచె దాకా వస్తాడు. బెదిరించడానికి ఏ గుట్టూ దొరక్క, మిగిలిన తోక ఊపుకుంటూ తిరిగిపోతాడు.

దాచినన్నాళ్ళూ మన తప్పు ఎదుటివాడి చేతిలో కర్ర. ఒప్పేసుకుంటే అది మనం దిద్దుకోవలసిన తప్పు, అంతే.