నొక్కవలసిన అక్షరం

స్పానిష్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేత మోజెస్ మాస్టారు ప్రతి క్రియనూ అక్షరం అక్షరంగా విడగొట్టించి, బల్ల మీద వేలితో తడుతూ పలికించేవారు. ఓడ ఉద్యోగం కోసం ఆయన దగ్గర చేరిన సన్యాసిరావుకు ఈ తట్టుడు విసుగెత్తించింది. ఒకనాడు అడిగేశాడు.

"ఎస్-పే-రో. ఉన్నవి మూడే అక్షరాలు. 'పే' నొక్కితే 'ఎదురుచూస్తున్నాను' అట. 'రో' నొక్కితే 'ఎదురుచూసింది' అట. మన తెలుగుకి ఈ బెడద లేదు కదా మాస్టారూ! కాస్త అటూ ఇటూ అయితే ఎదుటివాడు ఆ మాత్రం పోల్చుకోలేడా?"

మాస్టారు మర్నాడు పొద్దున్నే అతణ్ణి వెంటబెట్టుకుని విశాఖ రేవు దగ్గరి ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఆన్సెల్మో అనే స్పెయిన్ దేశపు ముసలి ఓడ వంటవాడు, మరిగే నూనె చింది, రెండు కళ్లకూ కట్లతో పడుకుని ఉన్నాడు. ఇంటి దగ్గర భార్య రెమెదియోస్‌కు జబ్బుగా ఉందని ఆయనకు ఒకటే బెంగ. ఆ ఉదయమే ఆయన పేర ఒక కార్డు వచ్చింది. నర్సు ఇచ్చిన కార్డును మాస్టారు సన్యాసిరావు చేతిలో పెట్టి, "చదివి వినిపించు" అన్నారు.

ఉన్నది ఒకే వాక్యం, కింద సంతకం. సన్యాసిరావు బాగా వచ్చినవాడిలా ఆగకుండా, చివరి అక్షరం నొక్కి మరీ చదివేశాడు: "తే ఎస్పేరో రెమెదియోస్."

కార్డు కోసం చాచిన ముసలాయన చెయ్యి దుప్పటి మీద వాలిపోయింది. ఆయన గోడవైపు తిరిగాడు. "ఎప్పుడు పోయింది?" అని అడిగాడు.

సన్యాసిరావుకు ముందు అర్థం కాలేదు. తర్వాత తను చదివింది తనకే వినిపించింది: 'రెమెదియోస్ నీకోసం ఎదురుచూసింది.' ఆ ఇల్లాలు స్వయంగా రాసిన మాటను, ఆమె పోయాక ఇంకెవరో రాసిన కబురు చేసేశాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కార్డును ఆయన చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని పట్టుకుని మెల్లగా పలికాడు.

"తే... ఎస్-పే-రో." 'పే' దగ్గర అతని వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. వచ్చీరాని స్పానిష్‌లో, "ఆవిడే రాసింది తాతా. 'ఎదురుచూస్తున్నాను' అని తన చేత్తో తనే రాసింది," అన్నాడు.

ముసలాయన మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. కట్ల కింద నుంచి నీరు కారుతుంటే, నర్సు వచ్చి ఏడవకూడదని కోప్పడింది.

బయటికొచ్చాక సన్యాసిరావు మెట్ల మీద కూలబడ్డాడు. "తప్పింది ఒక్క అక్షరమే కదా మాస్టారూ," అన్నాడు.

మాస్టారు అతని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశారు.

"ఆవిడ నిలబడి ఉన్నది ఆ అక్షరం మీదే నాయనా," అన్నారు.